హైదరాబాదు ప్రయాణాన్ని ఎవరి కాళ్ళతో కొలవాలి?

వార్షిక పరీక్షలు ముగిసి పిల్లలకు సెలవులు రాగానే మా రోలుగుంట, చోడవరం ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో ఒక మాట తప్పక వినబడుతుంది: "ఈసారి హైదరాబాదు వెళ్ళి వద్దాం." చెరకు సొమ్ము చేతికందిన ఇంట ఆ మాటకు మరింత బలం చేకూరుతుంది. ఒకరికి చార్మినారు చూడాలని కోరిక. మరొకరికి కూతురి నికాహ్‌కు బట్టలు, గాజులు కొనాలి. ఇంకొక ఇంట పెద్దాయన గుండెకో కంటికో పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాలి. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కుర్రవాడికి కళాశాల వెదకాలి. వీరందరూ ఒకే రైలు ఎక్కవచ్చును గాని, ఒకే ప్రణాళికతో నగరంలో తిరగలేరు. మన కుటుంబాలు డబ్బూ శ్రమా వృథా చేసుకునేది సరిగ్గా ఈ విషయం తెలియకనే.

ధార్మిక విద్య నిమిత్తం నేను కొన్నేండ్లు ఆ నగరంలో ఉన్నందున బయలుదేరే ముందు చాలామంది నన్ను సలహా అడుగుతుంటారు. అడగడానికి వచ్చేది ఎప్పుడూ ఇంటిలోని యువకుడే, లేదా నడివయసు గృహస్థుడే. అతని చేతిలో చీటీ ఉంటుంది. అందులో తొమ్మిది పదిచోట్ల పేర్లు, వాటికి రెండు రోజులు. ఆ చీటీ అతని మోకాళ్ళను బట్టి వ్రాసినది. అతని తల్లి మోకాళ్ళు అందులో కనబడవు. పాలుతాగే బిడ్డ ఉన్న భార్య ఎక్కడ కూర్చుంటుందో కూడా కనబడదు.

ఆ విధంగానే వెళ్ళిన కుటుంబమొకటి నాకు తెలుసు. తొమ్మిది మంది. గోల్కొండ కోట దగ్గర దాదీమాను క్రింద బెంచీ మీద కూర్చోబెట్టి, సంచులన్నీ ఆమెకు అప్పగించి తక్కినవారు బాలాహిసారు వరకు ఎక్కారు. ఆ మెట్లు మూడు వందల అరవైకి పైమాటే. ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. తిరిగి వచ్చిన తరువాత "హైదరాబాదు ఎలా ఉంది దాదీమా?" అని అడిగితే, "బాగానే ఉంది బేటా, బెంచీలు గట్టివి" అన్నారామె. అందరూ నవ్వారు. కాని ఆమె ప్రయాణ ఖర్చు కోసం తన గాజుల డబ్బు కూడా ఇచ్చిన మనిషి.

ముగ్గురు కలిసి ప్రయాణం చేసినా తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ అమీర్ పదవిని మనం పెత్తనంగా అర్థం చేసుకున్నాం. అది సేవ. నమాజు చేయించే ఇమాము వెనుక వృద్ధులు, బలహీనులు, పనులున్నవారు ఉంటారు గనుక నమాజును తేలిక చేయమన్న ఉపదేశం కూడా ఆ ప్రవక్తదే. జమాఅత్ నమాజుకే ఆ కొలత వర్తించినప్పుడు కోటలకు, బజారులకు వర్తించదా? కనుక అమీర్‌గా ఎంపికైనవాడు ముందుగా అడగవలసిన ప్రశ్న "ఏమేం చూడాలి?" అన్నది కాదు. "మాలో అందరికంటె తక్కువ నడవగలవారు ఎవరు, వారు గంటకు ఎంత దూరం నడవగలరు?" అన్నది. రోజుకు ఉదయం ఒకచోటు, సాయంత్రం ఒకచోటు, మధ్యాహ్నం విశ్రాంతి. ఇంతకు మించి పెట్టుకున్న కుటుంబం ఏదీ సంతోషంగా తిరిగి రావడం నేను చూడలేదు.

రోగితో వెళ్ళేవారు

వీరి సంగతి అన్నిటికంటె ముఖ్యం గనుక కొంత వివరంగా చెబుతాను. మొదటి మాట: నిజంగా హైదరాబాదు వెళ్ళవలసిన అవసరం ఉన్నదా? 1923లో వెలసిన కింగ్ జార్జ్ ఆసుపత్రి మన విశాఖపట్నంలోనే ఉంది. కంటి వైద్యానికి పేరుపొందిన ఎల్వీ ప్రసాద్ సంస్థకు విశాఖలో హనుమంతవాక దగ్గర శాఖ ఉంది. అనకాపల్లి నుండి విశాఖ వెళ్ళే దారిలోనే అగనంపూడి వద్ద హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇవి ఉండగా బంధువు ఎవరో చెప్పారని రోగిని రాత్రంతా రైలులో కూర్చోబెట్టి తీసుకుపోవడం దయ కాదు. ఇక్కడి వైద్యుడు ఫలానా చోటికి వెళ్ళండని కాగితం మీద వ్రాసి ఇస్తే అప్పుడు బయలుదేరండి.

వెళ్ళవలసి వస్తే ఆసుపత్రి ఎక్కడుందో ముందుగా తెలుసుకుని, బసను దానికి నడక దూరంలో చూసుకోవాలి. క్యాన్సర్‌కు ఎం.ఎన్.జె. ఆసుపత్రి, చిన్నపిల్లలకు నిలోఫర్ ఆసుపత్రి రెండూ రెడ్‌హిల్స్ ప్రాంతంలో, నాంపల్లి రైల్వేస్టేషనుకు దగ్గరలోనే ఉన్నాయి. నిమ్స్ పంజాగుట్టలో ఉంది. ఎల్వీ ప్రసాద్ ప్రధాన కేంద్రం బంజారాహిల్స్‌లో ఉంది. నిమ్స్‌కు వెళ్ళవలసినవారు చార్మినారు దగ్గర బంధువుల ఇంట దిగితే ప్రతి ఉదయం ఆటోలోనే సగం ఓపిక హరించుకుపోతుంది. బంధువుల మనసు నొచ్చుకుంటుందేమోనని కొందరు ఇలా చేస్తారు. రోగి నొప్పి ముందు ఆ నొప్పి చిన్నది.

శనివారం రాత్రి బయలుదేరకూడదు. ఆదివారం ప్రభుత్వ ఆసుపత్రులలో అత్యవసర సేవలు తప్ప సాధారణ ఓ.పి. ఉండదు, ఆ రోజు గది అద్దె దండగ. ఆదివారం రాత్రి రైలెక్కితే సోమవారం ఉదయం వరుసలో నిలబడవచ్చు. పాత చీటీలు, స్కానింగ్ ఫిల్ములు, ఆధార్, వీటన్నిటి నకళ్ళు ఒకే సంచిలో, తేదీల వరుసలో పెట్టాలి. ఆ సంచి ఒక్కరి చేతిలోనే ఉండాలి. మన రాష్ట్రపు ఆరోగ్య పథకం కార్డు అక్కడ ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో ఇక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకున్నాకనే కదలాలి. "కార్డు ఉంది కదా" అనుకుని వెళ్ళి, కౌంటరు ముందు నిలబడి ఊరికి ఫోనుచేసి అప్పు అడిగిన తండ్రుల గొంతు నేను విన్నాను.

క్యాన్సర్ చికిత్సకు వెళ్ళే రోగికి రైలులో స్లీపరు, మూడవ శ్రేణి ఏసీ తరగతులలో పూర్తి రాయితీ ఉంది. తోడు వెళ్ళే ఒక్కరికి ఆ తరగతులలో 75 శాతం రాయితీ లభిస్తుంది. ఆసుపత్రి వారు నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. ఇది తెలియక పూర్తి టికెట్టు కొంటున్నవారు మన మండలంలోనే ఉన్నారు. అయితే వృద్ధులకు ఇదివరకు ఉండిన టికెట్టు రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. దానిపై ఆశ పెట్టుకుని లెక్క వేయకండి.

రోగితో ఇద్దరు చాలు. ఆరుగురు వెళ్తే నలుగురు వరండాలో కూర్చుంటారు, వారి భోజనం ఖర్చు మందులకు వచ్చేది. "ఉదయం డాక్టరుకు చూపించి, సాయంత్రం చార్మినారు చూపిద్దాం" అనే ఆలోచన మానుకోవాలి. అయితే రిపోర్టుల కోసం రెండు మూడు రోజులు ఆగమన్నప్పుడు, రోగికి ఓపిక ఉంటే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో చెట్ల క్రింద ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. గదిలో నాలుగు గోడలను చూస్తూ రిపోర్టు కోసం ఎదురుచూడడం రోగానికి తోడు మరో రోగం.

రైలు, బెర్తు, బస్సు

మనవైపు నుండి అనకాపల్లి స్టేషనులో సాయంకాలం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరుసటి ఉదయం నాంపల్లిలో దిగవచ్చు. 1974 నుండి నడుస్తున్న బండి ఇది. మన ప్రాంతపు పెద్దలకు హైదరాబాదు అంటే ఈ రైలే. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది, మునుపటిలా 120 రోజులు కాదు. సెలవుల రద్దీలో తెరుచుకున్న మొదటి రెండు మూడు రోజులలోనే టికెట్టు తీసుకోవడం మేలు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు క్రింది బెర్తుల కోటా ఉన్నది. అయితే ఒకే టికెట్టుపై ఒంటరిగానో ఇద్దరుగానో ప్రయాణించేవారికే అది వర్తిస్తుంది. కుటుంబం మొత్తానికి కలిపి ఆరుగురి పేర్లతో ఒకే టికెట్టు తీస్తే దాదీమాకు పై బెర్తు వచ్చినా అడగడానికి ఉండదు. తాతనూ నాయనమ్మనూ వేరే టికెట్టుపై, అదే రైలులో బుక్ చేయండి.

స్త్రీలకు మన రాష్ట్రపు బస్సులలో 2025 ఆగస్టు 15 నుండి ఉచిత ప్రయాణం ఉన్నది గనుక రోలుగుంట నుండి అనకాపల్లి వరకు వారి ఖర్చు తగ్గింది. హైదరాబాదు సిటీ బస్సులలోని ఉచిత ప్రయాణం మాత్రం తెలంగాణ నివాసులకే. మన ఆధార్ చూపితే చెల్లదు, టికెట్టు తీసుకోవాలి. (మన ఆధార్ కార్డులలో చాలావాటిపై ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంది. 2022లో మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. దానివలన అక్కడ ఇబ్బందేమీ లేదు.) 2017లో మొదలైన మెట్రో వృద్ధులకు ఎంతో సౌకర్యం, స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. నాంపల్లిలోనూ స్టేషను ఉంది. కాని పాతనగరానికి మెట్రో ఇంకా చేరలేదు. చార్మినారు వెళ్ళేవారు ఎం.జి.బి.ఎస్. దగ్గర గాని, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో గాని దిగి ఆటో ఎక్కాలి.

పెద్దలకు, పిల్లలకు

పెద్దలకు గోల్కొండ కోట కంటె దానికి దగ్గరలోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల తోట మేలు. నేల చదునుగా ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, 2013 నుండి ఆగాఖాన్ ట్రస్టు వారు చేపట్టిన పునరుద్ధరణ వలన ఆ కట్టడాలకు మళ్ళీ కళ వచ్చింది. తెలుగు ముస్లిములు అక్కడ ప్రత్యేకంగా ఆగవలసిన సమాధి ఒకటి ఉంది, ఇబ్రహీం కుతుబ్‌షాది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వ్రాసిన తొలి కావ్యంగా చెప్పబడే పొన్నగంటి తెలగన్న 'యయాతి చరిత్రము' కూడా గోల్కొండ కొలువులోని అమీన్‌ఖానుకు అంకితమైనదే. తెలుగు మనకు పరాయి భాష అన్నట్లు మాట్లాడేవారు మన లోపలా ఉన్నారు, బయటా ఉన్నారు. పిల్లలకు ఆ సమాధి ముందు నిలబడి ఈ సంగతి చెప్పండి. పాఠ్యపుస్తకం కంటె బాగా గుర్తుంటుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న ప్రారంభమైంది, 1968లో మూసీ ఒడ్డునున్న ప్రస్తుత భవనానికి మారింది. ఒక్క కుటుంబం సేకరించిన వస్తువులు ఇన్ని ఉంటాయా అని ఆశ్చర్యం కలుగుతుంది. అక్కడ గంట గంటకూ చిన్న బొమ్మ ఒకటి వచ్చి గంట కొట్టే గడియారం ఉంది. పన్నెండు గంటలకు జనం ఎక్కువగా చేరతారు. పెద్దలను పది నిముషాల ముందే తీసుకువెళ్ళి కూర్చోబెట్టాలి. అన్ని గదులూ చూడాలన్న పట్టుదల వద్దు. అరబ్బీ, ఫార్సీ వ్రాతప్రతులు, గడియారం, దంతపు పనితనం, ఇవి చూస్తే ఒక పూటకు చాలు.

చార్మినారు 1591లో, హిజ్రీ వెయ్యవ సంవత్సరం వేళకు, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. పైకి మెలికలు తిరిగే 149 మెట్లు ఉన్నాయి, ఇరుకైనవి. మోకాళ్ళ నొప్పులవారు, గర్భిణులు, చంకలో బిడ్డ ఉన్నవారు క్రింద నుండే చూడాలి. వారితో మగవాడు ఒకడు క్రింద ఉండాలి, తరువాత వంతు మార్చుకోవాలి. ప్రక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. దాని విశాలమైన ఆవరణలో వృద్ధులు ఎంతసేపైనా కూర్చోవచ్చు.

పిల్లలకు నెహ్రూ జూపార్కు ఒక పూర్తి రోజు తీసుకుంటుంది. 1963లో తెరిచిన ఈ జంతుశాల దాదాపు 380 ఎకరాలు. చిన్నపిల్లలను నడిపించి చివరికి భుజాన వేసుకోవడం కంటె బ్యాటరీ బండి టికెట్టు కొనడం తెలివైన పని. గోల్కొండకు పిల్లలను ఉదయం తలుపులు తెరిచే వేళకే తీసుకుపోవాలి. ఫతే దర్వాజా క్రింద చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిసారులో వినబడుతుంది. శత్రువు వచ్చాడని పైవారికి తెలియజేసే ఏర్పాటది. పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపును పైకి పంపి పరీక్షించనివ్వండి. అంతటి కోట 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఎలా పడిపోయిందన్నది పై తరగతుల పిల్లలకు చెప్పదగిన కథ. ఫిలిం సిటీ గురించి కూడా అడుగుతారు. నగరానికి చాలా దూరం, రోజంతా పోతుంది, టికెట్టు మనవంటి కుటుంబాలకు భారం. నేనైతే వద్దంటాను.

రోజులు కూడా చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయి. జూపార్కుకు సోమవారం సెలవు. కనుక శుక్రవారాన్ని మక్కా మసీదులో జుమాకు, ఆ సాయంత్రాన్ని బజారుకు ఉంచుకుంటే సరిపోతుంది. జనవరి 1 నుండి ఫిబ్రవరి మధ్య వరకు నాంపల్లిలో నుమాయిష్ జరుగుతుంది. అది చూడాలనుకునేవారికి మంచి అదను, తక్కినవారికి ఆ ప్రాంతంలో రద్దీ. రమజాను రాత్రులలో చార్మినారు చుట్టూ కనబడే సందడి చూడదగినదే గాని, ఊపిరి ఆడని ఆ గుంపులోకి వృద్ధులను, పసివారిని తీసుకుపోవడం సరికాదు.

చదువు కోసం వెళ్ళేవారు

కళాశాల వెదికే విద్యార్థిని మందతో కలిపి తీసుకుపోవద్దు. అతనికీ తండ్రికీ ఒకరోజు విడిగా కేటాయించాలి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు నిలబడితేనే కొందరు పిల్లలకు చదువుపై ఆశ పుడుతుంది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య కోరేవారికి గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, 1998లో ఏర్పడింది. ధార్మిక విద్యకు 1876 నాటి జామియా నిజామియా ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది. హాస్టలు గది, స్నానాల గది, భోజనశాల కళ్ళారా చూసి, అక్కడ చదివే పిల్లలతో పది నిముషాలు మాట్లాడి రావాలి. రంగురంగుల కాగితం మీది మాటలకు అది విరుగుడు.

కుమార్తెలను కూడా ఇదే పనికి తీసుకువెళ్ళండి. 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాల ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. హైదరాబాదు వరకు వెళ్ళి కూతురికి గాజులు మాత్రమే చూపించి తీసుకువచ్చే తండ్రిని ఏమనాలో నాకు తెలియదు.

స్త్రీల సెలవు

గాజుల మాట వచ్చింది గనుక. లాడ్ బజారులో లక్క గాజులు, పత్తర్‌గట్టీలో ముత్యాలు, బట్టలు. పెండ్లి కొనుగోలుకు వెళ్ళేవారు ఊరిలోనే జాబితా వ్రాసి, ప్రతి వస్తువు ప్రక్కన గరిష్ఠ ధర వేసుకోవాలి. మొదటి రోజు అడగడమే గాని కొనవద్దు, కొనడం రెండవ రోజు. బేరమాడడంలో సిగ్గు పడనక్కరలేదు. అప్పుచేసి కొనడంలో పడాలి.

చాలా ఇండ్లలో స్త్రీలకు ఈ ప్రయాణం ఊరిలోని పనినే మరోచోట చేయడం. గదిలో స్టవ్ వెలిగించి అన్నం వండేదీ, పిల్లల బట్టలు పిండేదీ వారే. నాలుగు రోజుల ప్రయాణంలో ఒక్క రోజైనా పిల్లలను తండ్రి చూసుకోవాలి, భోజనం బయటనుండి తేవాలి, భార్య, తల్లి, అక్కచెల్లెళ్ళు తమకు నచ్చిన చోటికి వెళ్ళాలి. వారి నమాజు సంగతి కూడా ముందే ఆలోచించాలి. అన్ని మసీదులలో స్త్రీలకు స్థలం ఉండదు. మగవారు మసీదులోకి వెళ్ళి వజూ చేసి హాయిగా నమాజు చేసుకుని వస్తుంటే, స్త్రీలు రోడ్డు ప్రక్కన చెప్పులకు కాపలా ఉండి నమాజు పోగొట్టుకోవడం నేను అనేకసార్లు చూశాను. జుహర్, అసర్ వేళలకు బసకు చేరేలా గాని, స్త్రీలకు చోటున్న మసీదు దగ్గర ఉండేలా గాని రోజును కట్టుకోవడం అమీర్ బాధ్యత.

ప్రయాణ నమాజు గురించి అడిగేవారికి క్లుప్తంగా. సుమారు 77 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి ఖస్ర్ వర్తిస్తుందని మన హనఫీ ఉలమాలలో చాలామంది లెక్క, 92 అన్నవారూ ఉన్నారు. విశాఖపట్నం వెళ్ళేవారికి ఈ సందేహం ఉంటుంది గాని హైదరాబాదుకు ఏ లెక్కన చూసినా సందేహం లేదు. అక్కడ పదిహేను రోజులకు తక్కువ ఉండదలచినవారు జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులు చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగూ పూర్తి చేయాలి. గోదావరిలో వెళ్ళేవారికి ఫజ్ర్ రైలులోనే వస్తుంది. వజూకు ఒక సీసా నీరు విడిగా ఉంచుకోండి, తెల్లవారుజామున పెట్టెలో నీరు అయిపోవచ్చు.

తిరుగు టికెట్టు కూడా బయలుదేరే ముందే ఉండాలి. రోగితో వెళ్ళినవారు మాత్రం వైద్యుడు తేదీ చెప్పాక చూసుకోవచ్చు. గోదావరి తిరిగివచ్చేటప్పుడు తెల్లవారకముందే అనకాపల్లిలో దింపుతుంది. సామానుతో, నిద్రమొగాల పిల్లలతో ఆ చీకటిలో ఆటో బేరం ఆడవద్దు. స్టేషనులోనే ఫజ్ర్ చేసుకుని, వెలుగు వచ్చాక చోడవరం బస్సు ఎక్కండి.